క్షమించే ముందు ఒక మాట

మా అవ్వది పుంగనూరు. వేసవి సెలవులిచ్చారంటే చాలు, మదనపల్లె నుంచి మమ్మల్ని బస్సెక్కించి అక్కడికి తోలేసేవాళ్ళు. పగలంతా మామిడి తోపు, దీపాలవేళకు అవ్వ దగ్గర పద్యం. రోజుకో పద్యం అప్పజెప్పనిదే చేతిలో చిల్లర పడేది కాదు. ఐస్‌పుల్ల మీద ఆశతో నేను పోతన భాగవతంలో అశ్వత్థామ కథంతా బట్టీ పట్టేశాను. నోటికి అప్పుడే వచ్చింది గానీ అర్థం మాత్రం ఈమధ్యే, ఒక పాఠకురాలు చీవాట్లు పెట్టాక వచ్చింది.

ఆ చీవాట్ల సంగతి ముందు చెబుతాను. కుప్పం నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది. నా నవల ఒకటి చదివిందట. అందులో ఊరి తగాదాల్లో ఒక రాత్రి కథానాయిక తమ్ముణ్ణి, ఏ గొడవల్లోనూ లేని పిల్లవాణ్ణి, నిద్రలోనే నరికేస్తారు. చివరి అధ్యాయంలో చంపినవాడు వచ్చి గడప ముందు నిలబడితే ఆమె మంచినీళ్ళిచ్చి పంపిస్తుంది. ఆ అధ్యాయం రాసినప్పుడు నేనే ఏడ్చాను. చదివిన వాళ్ళు కూడా ఏడ్చామని రాశారు. కుప్పం ఆవిడ ఏడవలేదు. "క్షమించింది, బాగానే ఉంది. మూడువందల పేజీల్లో ఒక్కసారైనా ఆ పిల్ల వాణ్ణి 'ఎందుకు చంపావు' అని అడగదేం? అడగాలని ఆమెకే అనిపించలేదా, మీరు అడగనివ్వలేదా? మా పక్క భారతం ఆడేటప్పుడు ద్రౌపదమ్మ మీ నాయిక కంటే ఎక్కువే మాట్లాడుతుందండీ" అని రాసింది.

మూడు రోజులు కోపం, నాలుగో రోజు ఆలోచన. ఐదో రోజు ఆ ఉత్తరం సంచిలో పెట్టుకుని పుంగనూరు పక్కన ఒక పల్లెలో భారతం జరుగుతోందంటే బయల్దేరాను.

మావైపు తెలియని వాళ్ళకోసం రెండు మాటలు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ళున్న చాలా ఊళ్ళలో భారతం చేస్తారు. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరి రోజు నేలమీద మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి పడుకోబెడతారు. భీముడు తొడ పగలగొడతాడు, ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది, సాయంత్రం భక్తులు అగ్నిగుండం తొక్కుతారు. ఇంత కథలో దుర్యోధనుడు పడిన ఆ రాత్రి జరిగిందేమిటో చెప్పేదాకా చాలామంది కూర్చోరు. నేను వెళ్ళిన ఊళ్ళో మాత్రం హరిదాసుగారు ఓపిగ్గా చెప్పారు. అశ్వత్థామ పాండవుల శిబిరంలో దూరి ఉపపాండవుల్ని చంపడం, అర్జునుడు వాణ్ణి పశువును కట్టినట్టు కట్టి ద్రౌపది ముందు పడెయ్యడం, ఆ తల్లి "విడిచిపెట్టండి, వాడి తల్లి నాలాగే ఏడవకూడదు" అనడం. "చూశారా తల్లీ! ఆడదంటే భూదేవి. క్షమ అంటే అదీ!" అన్నారాయన. ఆడవాళ్ళందరూ కళ్ళు తుడుచుకుని పళ్ళెంలో నోట్లు వేశారు. నేనూ వేశాను.

వేశాక గుర్తొచ్చింది. మా అవ్వ పద్యం ఏదీ? కట్టి తెచ్చిన దానికీ విడిచిపెట్టమన్న దానికీ మధ్య ద్రౌపది వాడితో నేరుగా మాట్లాడే పద్యాలున్నాయి. అవ్వ మా చేత అవి తప్పకుండా అప్పజెప్పించుకునేది. దాసుగారు వాటిమీంచి దాటిపోయారు. ఆయన్ని అని ఏం లాభం? నా నవల్లో నేను చేసింది కూడా అదేగా!

ఆ పద్యాల్లో ఏముందో మామూలు మాటల్లో చెబుతాను. పిల్లల్ని చంపిన సిగ్గుతో వాడు మొహం తిప్పుకుని నిలబడ్డాడు. ద్రౌపది గురుపుత్రుడని ముందు నమస్కారం పెట్టింది, తర్వాత అడిగింది. మా వాళ్ళందరికీ విలువిద్య నేర్పింది మీ నాన్న, శిష్యుల బిడ్డల్ని నరకడం నీకు న్యాయమా అంది. వాళ్ళు నీమీదికి ఉరికి రాలేదు. ఆయుధాలు పట్టి యుద్ధభూమిలో లేరు. నీకు ఇసుమంత కీడు చేయలేదు. పసివాళ్ళు, పోరాడడం చేతకానివాళ్ళు, నిద్రలో ఉన్నవాళ్ళు. చీకట్లో వచ్చి వాళ్ళను చంపడానికి నీకు చేతులెట్లా వచ్చాయి?

ఒక్కొక్క మాటే విడిగా చూడండి. దాడికి రాలేదు, ఆయుధం లేదు, యుద్ధభూమి కాదు, అపకారం చేయలేదు, పసివాళ్ళు, చేతకానివాళ్ళు, నిద్రలో ఉన్నారు. ఇది తల్లి ఏడుపు మాత్రమే కాదు, అభియోగపత్రం! కోర్టులో వకీళ్ళు నేరం రుజువు చేయాలంటే ఒక్కొక్క అంశమూ ఇట్లాగే వేళ్ళు మడిచి లెక్కపెడతారు. యుద్ధంలో చావులన్నీ నేరాలు కావు. ఎదురుపడి ఆయుధం పట్టినవాడు చచ్చిపోతే దుఃఖమే గానీ నేరం అనరు. మరి ఏది నేరం? ఆ గీత ఎక్కడుందో ద్రౌపది ఏడుస్తూనే గీసి చూపించింది.

ఈ నిలదీయడం పోతన చేర్పు. సంస్కృత భాగవతంలో ద్రౌపది మొదటి మాటే "విడిచిపెట్టండి" అని. గురువు కొడుకు, బ్రాహ్మణుడు, తల్లి బతికుంది, అంతే. వాణ్ణి ఒక్క ప్రశ్న వేయదు. మన తెలుగాయన కూడా ఆమె చేత క్షమింపజేశాడు, కానీ ముందు అడగనిచ్చాడు. అడిగి మరీ క్షమించిన ద్రౌపదిని మనకిస్తే మనం అడగడం తీసేసి క్షమ ఒక్కటే మిగుల్చుకున్నాం. పోతన పేరు చెప్పి పోతనకు ముందున్న కథే చెప్పుకుంటున్నామన్నమాట.

మదనపల్లెలో మా వీధి ఆడవాళ్ళం నెలకో ఆదివారం కూడి ఏదో ఒకటి చదువుకుంటాం. అక్కడ ఈ మాట చెబితే రిటైరైన తెలుగు టీచరమ్మ ఒకావిడ కళ్ళజోడు పైకి తోసి "నువ్వు పోతన్ని కోర్టుకీడుస్తున్నావే అమ్మాయ్! తిక్కన సంగతేమిటి మరి?" అంది. మంచి ప్రశ్న. ఆ వారమంతా సౌప్తికపర్వం తిరగేశాను.

భారతంలో ఉపపాండవులు పసిబిడ్డలు కారు. యుద్ధం చేసినవాళ్ళే. ఆ రాత్రి కూడా అలికిడికి లేచి బాణాలు వేస్తారు. అక్కడ ద్రౌపది క్షమించదు. అశ్వత్థామ చావాల్సిందే, లేదంటే నేనిక్కడే తిండి మాని ప్రాణం విడుస్తానని కూర్చుంటుంది. చివరకు వాడి తలమీద పుట్టిన మణి తెచ్చి ధర్మరాజు తలమీద పెట్టాకే లేస్తుంది. పోతన వాళ్ళను పసివాళ్ళను చేయడంలో ఒక తెలివుంది. నేటి అంతర్జాతీయ చట్టం ప్రకారం నిద్రపోతున్న శత్రుసైనికుడి మీద దాడి దానంతటదే నేరం కాదు. భారతం నీతి అంతకంటే గట్టిది. నిద్రపోయేవాణ్ణీ, ఆయుధం కిందపెట్టినవాణ్ణీ, శరణన్నవాణ్ణీ చంపకూడదని కృపాచార్యుడు ఆ రాత్రే మేనల్లుడికి చెబుతాడు. ఏ నీతితో తూచినా నేరమే అయ్యేట్టు పోతన ఆ బిడ్డల చేతుల్లోంచి ఆయుధాలు తీసేశాడు. సందేహానికి చోటు లేకుండా చేసి, అప్పుడు తల్లి చేత అడిగించాడు.

మరి అశ్వత్థామ వాదన? ఉంది, బలంగానే ఉంది. ధర్మమనే కట్టను వాళ్ళే ముందు నూరు ముక్కలు చేశారంటాడు. అబద్ధమా? మా నాన్న ఆయుధం వదిలి కూర్చుంటే తల నరికారు, కర్ణుడు రథచక్రం లేవనెత్తుతుంటే కొట్టారు, దుర్యోధనుణ్ణి తొడమీద కొట్టారు. యుద్ధం మొదలవకముందు రెండు పక్షాలూ కూర్చుని, ఆయుధం లేనివాణ్ణీ వెన్ను చూపినవాణ్ణీ సారథినీ శంఖం ఊదేవాణ్ణీ కొట్టకూడదని ఒప్పందం చేసుకున్నట్టు భీష్మపర్వం మొదట్లో ఉంది. పద్దెనిమిది రోజుల్లో దాన్ని ఇద్దరూ చింపేశారు. అయితే శిక్ష మాత్రం ఓడినవాడికే పడింది, శాపమిచ్చిన కృష్ణుడు గెలిచిన పక్షంవాడు. టీచరమ్మ సరిగ్గా ఇక్కడే పట్టుకుంది. "గెలిచినవాళ్ళ న్యాయం కాదుటే ఇది?"

ఈ మాట భారతంతో ఆగలేదు. 1945 నవంబరులో న్యూరెంబర్గ్‌లో జర్మన్ నాయకుల విచారణ మొదలైనప్పుడూ వినపడింది. జర్మన్ నౌకాధిపతి డోనిట్జ్ వకీలు, మా జలాంతర్గాములు చేసిందే మీవీ చేశాయి కదా అని అమెరికా నౌకాధిపతి నిమిట్జ్ నుంచే జవాబు రాబట్టాడు. 1946 తీర్పులో కోర్టు జలాంతర్గామి యుద్ధ నియమాల ఉల్లంఘన లెక్కలో శిక్ష వేయలేదు. మిగతా నేరాలకు మాత్రం పదేళ్ళు వేసింది. అంటే "నువ్వూ చేశావుగా" అనే మాట కొంత దూరం నడుస్తుంది. ఎంత దూరం? ద్రౌపది చెప్పింది చూడండి: వాళ్ళు నీకు ఏ కీడూ చేయలేదు. ద్రోణుణ్ణి చంపింది ఆ పిల్లలు కారు. పెద్దల లెక్కలు పెద్దలతో తేల్చుకో, నా బిడ్డల్ని ఆ ఖాతాలో రాయకు అంటోంది. గెలిచినవాళ్ళు కూడా తప్పులు చేశారన్నది నిజం. ఆ నిజం పసివాణ్ణి చంపినవాడికి సాకు కాదన్నదీ నిజమే.

గెలిచినవాళ్ళ న్యాయానికి ఇంకో రుజువు నేనే టీచరమ్మకు అందించాను. వద్దన్న కృపాచార్యుడు ఆ రాత్రి ఏం చేశాడు? కృతవర్మతో కలిసి శిబిరం వాకిట్లో నిలబడి, పారిపోయి వచ్చేవాళ్ళను, చేతులు జోడించిన వాళ్ళతో సహా నరికాడు. ఇద్దరూ కలిసి మూడుచోట్ల నిప్పు పెట్టారు. తర్వాత అశ్వత్థామకు మూడువేల ఏళ్ళ శాపం, కృపాచార్యుడికి ఆచార్యపీఠం! అభిమన్యుడి కొడుకు పరీక్షిత్తుకు గురువయ్యాడు. కడుపులో ఉండగానే అశ్వత్థామ అస్త్రం తగిలిన బిడ్డకు ఆ రాత్రి వాకిట్లో కాపలా కాసినవాడే అక్షరాలు దిద్దించాడన్నమాట. కృపుణ్ణి ఎవరూ కట్టి తేలేదు, ద్రౌపది ముందు నిలబెట్టలేదు. నేరానికి పేరు పెట్టకపోతే జరిగేది ఇదే. ఒకడిమీద అంతా తోసేసి మిగతావాళ్ళకు శాలువా కప్పుతాం.

మా సీమకు దండయాత్రలు కొత్తేమీ కాదు. 1780లో హైదరలీ మైసూరు నుంచి కనుమలు దిగి కర్ణాటక రాజ్యంమీద పడ్డాడు. ఊళ్ళు కాలాయి, జనం పారిపోయారు. 1782 డిసెంబరులో ఆయన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలోనే పోయాడు. ఆ దండయాత్ర బీభత్సాన్ని 1785లో లండన్ పార్లమెంటులో ఎడ్మండ్ బర్క్ కళ్ళకు కట్టినట్టు వర్ణించాడు. కానీ ఆ సభలో ఆనాటి వాదం నవాబు అప్పుల గురించి! రాజుల పేర్లున్నాయి, తేదీలున్నాయి, అప్పుల లెక్కలున్నాయి. కాలిన ఇంటి ముందు నిలబడి "మా బిడ్డ నీకేం చేశాడు" అని అడిగిన తల్లి మాట మాత్రం ఏ దస్తావేజులోనూ నేను చూడలేదు. అడిగే ఉంటుంది, అడగని తల్లి ఉంటుందా? రాసుకున్నవాళ్ళు లేరు, అంతే.

ఇప్పుడు రాసుకుంటున్నారు. అదే కాస్త ఊరట. 1949 జెనీవా ఒప్పందాల తర్వాత పౌరుల్ని, గాయపడినవాళ్ళను, లొంగిపోయినవాళ్ళను చంపడం నేరమని లోకమంతా ఒప్పుకుంది. మన దేశం 1960లో దానికోసం చట్టం చేసింది. 2002 నుంచి ది హేగ్‌లో అంతర్జాతీయ నేర న్యాయస్థానం పనిచేస్తోంది, మన దేశం అందులో చేరలేదు. ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తింది 2022 ఫిబ్రవరి 24న. ఆక్రమించిన ప్రాంతాల నుంచి పిల్లల్ని చట్టవిరుద్ధంగా తరలించారన్న ఆరోపణమీద ఆ కోర్టు 2023 మార్చి 17న రష్యా అధ్యక్షుడు పుతిన్ పేరనే వారంటు ఇచ్చింది. వారంటు ఇచ్చినంత సులువు కాదు పట్టి తేవడం. అర్జునుడిలా వెంటపడి కట్టి తెచ్చేవాళ్ళు ఆ కోర్టుకు లేరు. కాగితానికేం విలువ అంటారా? నేరానికి పేరు పడింది. "తరలింపు" అని సుతారంగా చెప్పుకున్న దాన్ని "నేరం" అని ఒక కోర్టు రాసింది.

ఆ యుద్ధంలోనే ఇంకో విచారణ జరిగింది. అది చదివినప్పుడు నాకు మా అవ్వ పద్యమే గుర్తొచ్చింది. దండయాత్ర మొదలైన నాలుగు రోజులకు ఒక పల్లెలో, ఆయుధం లేని 62 ఏళ్ళ మనిషిని 21 ఏళ్ళ రష్యా సార్జెంటు కాల్చి చంపాడు. యుద్ధం ఇంకా జరుగుతుండగానే, ఆ మే నెలలో, కీవ్ కోర్టు వాణ్ణి విచారించింది. కోర్టులో చనిపోయినాయన భార్య లేచి వాణ్ణే అడిగింది. మీరెందుకు వచ్చారు? మమ్మల్ని కాపాడడానికా? ఎవరినుంచి? నువ్వు చంపిన నా మొగుడి నుంచి నన్ను కాపాడావా? వాడు తప్పు ఒప్పుకుని క్షమించమన్నాడు. ఆమె జాలి పడింది, క్షమించలేనంది. మొదట యావజ్జీవం వేశారు, పై కోర్టు దాన్ని పదిహేనేళ్ళకు తగ్గించింది. ద్రౌపది క్షమించింది, ఈవిడ క్షమించలేదు. నాకు ఇద్దరూ ఒకటే. ఇద్దరూ అడిగారు. అందరి ముందూ నేరగాడి మొహంలోకి చూసి అడిగారు. ఆ తర్వాత క్షమిస్తారా లేదా అన్నది వాళ్ళిష్టం. మనం పక్కనుంచి "ఆడదంటే భూదేవి" అని తొందర పెట్టకూడదు.

ఆడవాళ్ళ మాట వింటే నేరం పేరే మారిన సంగతి కూడా ఒకటుంది. 1994లో రువాండాలో జరిగిన మారణకాండకు బాధ్యుడైన ఒక ఊరి పెద్దమీద మొదట రాసిన ఆరోపణల్లో ఆడవాళ్ళమీద జరిగిన అత్యాచారాల ప్రస్తావన లేదు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఆడవాళ్ళు చెప్పారు. 1997లో ఆరోపణలు మార్చి రాశారు. 1998 సెప్టెంబరులో, జాతి నిర్మూలనలో అత్యాచారం కూడా ఒక ఆయుధమేనని కోర్టు తీర్పిచ్చింది. ఆ ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒక్కతే ఆడమనిషి, డర్బన్‌లో పుట్టిన తమిళ కుటుంబపు ఆడపడుచు నవనీతం పిళ్ళై. సాక్షి నోరు విప్పాలి, వినే చెవి ఉండాలి. రెంటిలో ఏది లేకపోయినా ఆ నేరం నేరాల పట్టీలోకే ఎక్కేది కాదు.

ఇదంతా విని టీచరమ్మ చాలాసేపు ఊరుకుంది. "అది సరే. ద్రౌపది అడిగింది, అశ్వత్థామ జవాబు చెప్పలేదుగా?" అంది చివరికి. నిజమే. పోతన కథలో వాడు నోరు మెదపడు. భీముడు చంపమంటాడు, కృష్ణుడు రెండువైపులా మాట్లాడతాడు, అర్జునుడు జుట్టుతోపాటు మణి కోసి వాణ్ణి శిబిరం నుంచి తరిమేస్తాడు. ఆ ప్రశ్నకు జవాబు రాదు. జవాబు లేని ప్రశ్నను పోతన అట్లాగే ఉంచాడు, ఏదో ఒకటి చెప్పించి మన మనసులు కుదుటపరచలేదు. కథలు రాసేవాళ్ళం అక్కడే తొందరపడతాం. చివరి పేజీలో అందరూ స్థిమితపడాలని మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పెడతాం.

కుప్పం ఆవిడకు జవాబు రాశాను. "మీరు చెప్పింది నిజం. నేనే అడగనివ్వలేదు" అని ఒప్పుకున్నాను. నవల మళ్ళీ అచ్చయితే ఆ గడప దగ్గర ఒక పేజీ చేరుస్తానని రాశాను. మంచినీళ్ళు అప్పుడు కూడా ఇస్తుందో లేదో నాకింకా తెలియదు. ముందు ఆ పిల్ల అడగనీ, చూద్దాం.

వచ్చే వేసవిలో భారతానికి మళ్ళీ వెళతాను. ఈసారి పళ్ళెంలో నోటు వేసేటప్పుడు హరిదాసుగారిని ఆ పద్యం కూడా పాడమని అడుగుతాను. ఆయన మరిచిపోయి ఉంటే నేనందిస్తాను. మా అవ్వ పుణ్యమా అని నాకింకా నోటికే ఉంది.